ఈశాన్యం గొయ్యి

గది కట్టొద్దని ఎవరూ అనలేదు కాబట్టి సోమవారం పొద్దున్నే పని మొదలైంది.

పర్మిట్‌కి జనవరిలో అప్లై చేశారు. మార్చిలో, ఎనిమిదో నెల నడుస్తుండగా, లలితకి కాన్పయింది. పాప ప్రాణం లేకుండానే పుట్టింది. ఆ సంగతి సిటీ ఆఫీసుకి ఎవరు చెబుతారు? పర్మిట్ దాని దారిన అది మే నెలలో వచ్చి, వంటింటి గట్టు మీద ఉప్పుడబ్బా కింద కొన్నాళ్ళు పడుంది. కాంట్రాక్టర్ రామిరో ఫోన్ చేసి సోమవారం రమ్మంటారా అని అడిగినప్పుడు వేణుమాధవ్ భార్య వైపు చూశాడు. లలిత టీ వడగడుతోంది. తల ఎత్తలేదు. "రమ్మను. పని మధ్యలో ఆపకూడదు" అని వేణు తండ్రి చక్రపాణి సోఫాలోంచే తేల్చేశాడు. ఇంకా మొదలే కాని పని మధ్యలో ఆగడమేమిటని ఎవరూ అడగలేదు.

చక్రపాణి తెనాలి మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో సగం ఇళ్ళ ప్లాన్లు తన బల్ల మీదుగానే వెళ్ళాయని చెప్పుకుంటాడు. కోడలి కాన్పుకని భార్య వసంతలక్ష్మిని వెంటబెట్టుకుని ఫిబ్రవరిలో శాంటా క్లారా వచ్చాడు. వచ్చిన పని అలా అయిపోయింది. తిరుగు టిక్కెట్లు ఆగస్టుకి ఉన్నాయి. అప్పటిదాకా ఆయన చేతికి ఏదో ఒక పని కావాలి. ఈ గది దొరికింది.

"పునాది సంగతి తర్వాత. ముందు ఈశాన్యంలో మనిషి లోతు గొయ్యి తవ్వించాలి. కింద శల్యం ఉందేమో చూడాలి" అన్నాడు.

శల్యమంటే ఎముక. ఇంటి నేలలో ఎముక ఉంటే ఆ ఇంట్లో పిల్లలు నిలవరని ఆయన నమ్మకం. ఉన్నట్టు తేలితే తీసి పారే నీళ్ళలో కలిపి, మంచి మట్టి నింపి, అప్పుడు కట్టుకోవాలి. "కొనేటప్పుడే చూసుకోవాల్సింది మీరు. చూసుకోలేదు. అందుకే..." అని అక్కడ ఆపేశాడు. మిగతా సగం ఇంట్లో అందరికీ తెలుసు. లలితకీ తెలుసు. తెలిసినా ఆమెకి ఏమీ అనిపించలేదు. పంటి డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో, రెండు నెలలుగా ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది. ముట్టుకుంటే తెలుస్తుంది, అంతే. ఏడుపు కూడా రాదు. అది చూసి వసంతలక్ష్మి లోలోపల భయపడుతోంది గానీ పైకి అనదు.

గొయ్యి లోతు విని రామిరో నవ్వాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళకి తోలు పట్టీలు కట్టుకుని ఉన్నాడు. పునాదికి రెండడుగులు చాలు కదా, ఈత కొట్టడానికా అని అడిగాడు.

"మా నాన్న కోసం" అన్నాడు వేణు.

"మా అమ్మ కూడా ఇలాంటివే చెబుతుంది" అని రామిరో ఇంకేమీ అడక్కుండా మేకులు పాతి తాడు లాగాడు.

వేణు ఆఫీసుకి బయల్దేరాడు. ఆఫీసు పక్కనే సన్నీవేల్‌లో. నాలుగేళ్ళుగా వెళ్తున్న దారే అయినా కారు అద్దానికి అంటించిన జీపీఎస్ మాట్లాడితే తప్ప అతను కదలడు. "వీడు చిన్నప్పుడూ అంతేనమ్మా. బడి నుంచి ఇంటికి రమ్మంటే పక్క సందులో వాళ్ళింటికెళ్ళి కూచునేవాడు" అంది వసంతలక్ష్మి కోడల్ని నవ్వించడానికి. లలిత నవ్వాల్సిన చోట నవ్వింది. కారు వెనక్కి తిరుగుతుంటే అద్దం నిండా పిట్టల రెట్టలు కనబడ్డాయి. "మొన్న శనివారమేగా కార్ వాష్‌కి వెళ్ళొచ్చాడు. ప్రతి శనివారం పొద్దున్నే వెళ్తాడు. ఏం కడుగుతారో వాళ్ళు" అని ఆవిడ లోపలికి పోయింది.

రామిరో పచ్చిక పైపొరని చదునుపారతో కోసి, చాపలా చుట్టి గోడ పక్కన పెట్టాడు. కింద నేల ఎండి గట్టిగా ఉంది. గునపం వేసి పెళ్ళలు లేపి, పారతో ఎత్తి టార్పాలిన్ మీద పోస్తున్నాడు. చక్రపాణి ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని గొయ్యి అంచున కూర్చున్నాడు. లలిత వెనక మెట్టు మీద కూర్చుంది. ఆమె హైదరాబాద్‌లో ఉండగా మట్టి పరీక్షల ల్యాబ్‌లో ఇంజనీరు. ఇక్కడ డిపెండెంట్ వీసా మీద ఉంది, ఉద్యోగం చెయ్యకూడదు. మట్టి తవ్వుతుంటే దాని రంగు చూడ్డం పాత అలవాటు. వద్దనుకున్నా కళ్ళు అటే పోతున్నాయి.

అడుగు లోతులో ఒక తుప్పుపట్టిన బొమ్మకారు దొరికింది. ఇంకాస్త కిందికి వెళ్ళాక మట్టిగొట్టం ముక్కలు, ఎండిన పండ్ల గింజలు, మొద్దులాంటి చెట్టువేరు.

"ప్రూన్ తోట" అన్నాడు రామిరో గింజ ఒకటి చూపించి. "ఈ వీధులన్నీ తోటలే ఒకప్పుడు. మా తాత ఈ పళ్ళు కోయడానికే మెక్సికో నుంచి వచ్చాడు."

చక్రపాణికి ఇలాంటివి ఇష్టం. ఎవరు కనిపించినా సొంతూరేది, ఎప్పుడొచ్చారు అని అడగడం ఆయనకి అలవాటు. రోజూ సాయంత్రం నడకకి వెళ్ళి అప్పటికే వీధంతా అడిగేశాడు. కుడిపక్క సిల్వా గారి తాతది అట్లాంటిక్ మధ్యలో ఏవో పోర్చుగీసు దీవులు. ఎడమపక్క వాళ్ళు వియత్నాంలో సైగాన్ నుంచి పడవలో వచ్చారు. ఎదురింటాయన ముత్తాత ఎడ్లబండి మీద ఎక్కడో తూర్పు నుంచి. ఇప్పుడు రామిరోది కూడా కలిపి లెక్క సరిచూసుకున్నాడు.

"అందరూ ఎక్కడెక్కణ్ణించో వచ్చి పడ్డవాళ్ళేనన్నమాట. మనమే కాస్త లేటు" అన్నాడు కోడలితో.

"అవును మావయ్య గారూ" అంది లలిత.

మధ్యాహ్నం దాటాక మట్టి రంగు మారింది. పైన ఉన్న గోధుమరంగు పోయి నల్లగా, జిడ్డుగా వస్తోంది. లలిత లేచి వెళ్ళి టార్పాలిన్ మీంచి పిడికెడు తీసుకుని వేళ్ళతో నలిపింది. బూడిద, చిన్న చిన్న గవ్వపెంకులు, కాలిన రాళ్ళ ముక్కలు కనబడ్డాయి.

"ఇది ఉత్త మట్టి కాదు. ఇక్కడ మనుషులు వండుకు తిన్నారు" అంది.

చక్రపాణి, రామిరో ఇద్దరూ ఆమె వైపు చూశారు. అడక్కుండా ఆమె నోట మాట రావడం చాన్నాళ్ళకి అదే మొదలు. చక్రపాణి "ఎప్పుడు?" అన్నాడు. తెలీదంది. చెయ్యి దులుపుకుని మళ్ళీ మెట్టు మీద కూర్చుంది.

మంగళవారం రామిరో నడుము దాకా గోతిలో ఉన్నాడు. పార ఒకచోట ఆగింది. అతను మళ్ళీ వెయ్యలేదు. పారని పైకి అందించేసి, వంగి, చేత్తో మట్టి జరిపాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత టోపీ తీసి, నుదుటికీ రొమ్ముకీ చెయ్యి తాకించుకున్నాడు.

"చెప్పానా" అంటూ చక్రపాణి కుర్చీలోంచి లేచాడు. అంచు దాకా వచ్చి లోపలికి తొంగి చూశాడు.

లలిత కూడా చూసింది. ముడుచుకుని పడుకున్నట్టున్న ఎముకలు. బొటనవేలంత దవడ. అందులో ఇంకా బయటికి రాని పళ్ళు మొలకల్లా ఉన్నాయి. చేతి దగ్గర, మట్టిలో కలిసిపోయి, గవ్వని చెక్కి చేసిన గుండ్రటి పూసలు వరసగా ఉన్నాయి. దారం ఏనాడో పోయింది. వరస పోలేదు.

రామిరో పైకెక్కి నిచ్చెన అలాగే ఉంచాడు. "మనిషి ఎముక దొరికితే పని ఆపెయ్యాలి. చావుల సంగతి విచారించే కౌంటీ కరోనర్‌కి ఫోన్ చెయ్యాలి. లేకపోతే నా లైసెన్స్ పోతుంది" అన్నాడు చక్రపాణితో. ఆయన వేణుకి ఫోన్ చేశాడు. వేణు జీపీఎస్ చెప్పిన దారిలో పరుగున వచ్చాడు. వచ్చి గొయ్యి అంచున నిలబడి, ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"రామిరో, ఎవరూ చూడలేదు కదా" అన్నాడు.

"నేను చూశాను."

"అది కాదు. రిపోర్ట్ చేస్తే నెలలు పడుతుంది. ఈ గొయ్యి ఇలాగే తెరిచి ఉంటుంది. మా ఆవిడ పొద్దున లేస్తే ఇదే చూడాలి. తన పరిస్థితి నీకు తెలీదు."

రామిరో లలిత వైపు చూశాడు. ఆమె మెట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అతను బల్ల మీంచి తాళాలు తీసుకున్నాడు.

"నేను లంచ్‌కి వెళ్తున్నాను. నిదానంగా తింటాను. వచ్చేసరికి ఇక్కడ ఏమీ లేకపోతే నేను చెప్పేదీ ఏమీ లేదు. ఉంటే మాత్రం ఫోన్ చేస్తాను." ట్రక్కు వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది.

"మూసేద్దాం నాన్నా. గది వద్దు, ఏం వద్దు. ఈ మట్టి మళ్ళీ పోసేద్దాం" అన్నాడు వేణు.

"మూస్తే దోషం కిందే ఉంటుందిరా. ఇన్నాళ్ళూ ఉన్నది చాలదా? తీసేయాలి. మన వెనక వీధి చివర వాగు ఉందిగా, అందులో కలిపేద్దాం. పుణ్యాహవచనం నేను చూసుకుంటా. నువ్వు దిగు. నాకు మోకాళ్ళు వంగవు."

వేణు ఆఫీసు చొక్కా చేతులు మడిచాడు. "లలితా, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు. వసంతలక్ష్మి లోపల్నించి పాత తువ్వాలు ఒకటి తెచ్చింది. భర్త చేతికి ఇస్తూ ఆవిడ గోతిలోకి చూడలేదు.

ఆ తువ్వాలు చూశాక లలిత లేచింది. తెల్లగా, ఉతికి మెత్తబడ్డ తువ్వాలు. మార్చిలో ఆస్పత్రి నర్సు పాపని ఇలాంటి గుడ్డలోనే చుట్టి ఒళ్ళో పెట్టింది. కాసేపుంచి తీసుకెళ్ళింది. అక్కణ్ణించి తండ్రీ కొడుకులిద్దరూ వెళ్ళి శ్మశానంలో పూడ్చిపెట్టి వచ్చారు. పసిబిడ్డని కాల్చరు. తల్లి అక్కడికి వెళ్ళకూడదు. పెట్టినవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూడకూడదు, మళ్ళీ ఆ వైపు పోకూడదు. అదీ పద్ధతి. ఎక్కడ పెట్టారని లలిత అడగలేదు. అడిగినా చెప్పొద్దని చక్రపాణి కొడుక్కి గట్టిగా చెప్పి ఉంచాడని మాత్రం ఆమెకి తెలుసు.

వేణు నిచ్చెన వైపు వచ్చేలోగా లలిత దిగేసింది. కింద చల్లగా ఉంది. ఎముకలకి కాళ్ళు తగలకుండా గోడకి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"ఏంటిది? పైకి రా" అన్నాడు వేణు.

"తియ్యనివ్వను."

"అమ్మా లలితా, అది మంచిది కాదమ్మా. ముట్టుకోకూడదు. బాలింతవి ఇంకా" అన్నాడు చక్రపాణి.

"నేను ముట్టుకోలేదు. మిమ్మల్నీ ముట్టుకోనివ్వను. చేతికి పూసలు కట్టారు మావయ్య గారూ. ఎవరో కూచుని ఒక్కోటీ చెక్కి, గుచ్చి కట్టారు. ఆ తల్లి బిడ్డని ఇక్కడ పెట్టుకుంది. వాగులో ఎందుకు కలుపుతారు?"

గొంతు పెంచలేదు. ఎవరితోనో ఫోన్లో అడ్రసు చెబుతున్నట్టు చెప్పింది. ఈ ఒక్కటీ వాగులో కలిసిపోతే తన పాప కూడా ఇంకోసారి పోతుందని ఆమెకి అనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది. వేణు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు. గొయ్యి అంచున మట్టిలోనే కూర్చున్నాడు. చక్రపాణి తువ్వాలు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకు నిలబడ్డాడు.

రామిరో వచ్చేసరికి ముగ్గురూ అలాగే ఉన్నారు. అతను గోతిలోకి చూశాడు. లలితకి నీళ్ళ సీసా అందించి, పక్కకి వెళ్ళి ఫోన్ చేశాడు.

బుధవారం కరోనర్ ఆఫీసు మనిషి వచ్చాడు. అతని వెంట వచ్చిన ఆవిడ బ్రష్షుతో కాస్త మట్టి దులిపి చూసి, ఇది పోలీసు కేసు కాదు, చాలా పాతది, ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్ళది అంది. అలాంటివాళ్ళ వారసులెవరో రాష్ట్రం వాళ్ళే చెబుతారట. ఆ వారసులు వచ్చి ఏం చెయ్యాలో ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడతారట. ఎంతకాలం పడుతుందని వేణు అడిగాడు. వాళ్ళు గొయ్యి మీద చెక్కపలక కప్పి వెళ్ళారు.

గురువారం సాయంత్రం పాత పికప్ ట్రక్కు ఒకటి ఇంటి ముందాగింది. దిగినావిడకి అరవై దాటి ఉంటాయి. తెల్లజడ, జీన్స్ చొక్కా, చేతిలో గుడ్డసంచీ. పేరు డొలోరెస్ అని, రాష్ట్రం వాళ్ళు చెప్పిన వారసురాలు తనేనని చెప్పింది. ఆ పేరు ఇక్కడ మిషన్ చర్చి కట్టిన స్పెయిన్ వాళ్ళు ఇచ్చిందట, అసలు పేర్లు వాళ్ళ ముత్తవ్వతోనే పోయాయట. ఆవిడ నేరుగా పెరట్లోకి నడిచి, పలక జరిపించి, మోకాళ్ళ మీద కూర్చుంది. ఏదో మెల్లగా అంది. అది వీళ్ళకి చెప్పిన మాట కాదు కాబట్టి వీళ్ళు దూరంగా నిలబడ్డారు.

లేచాక వసంతలక్ష్మి కుర్చీ వేసి టీ ఇచ్చింది. చక్రపాణి ఎదురుగా కూర్చున్నాడు. మనసు బాగోకపోయినా అలవాటు పోదు కదా.

"మీ సొంతూరేది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

డొలోరెస్ టీ గ్లాసుతోనే కింది నేల వైపు చూపించింది. "ఇదే."

"అది కాదు. మీ వాళ్ళు అసలు ఎక్కణ్ణించి వచ్చారు? ఎప్పుడొచ్చారు?"

"మేం రాలేదు" అందావిడ. "ఎక్కడో మంచు మీద నడిచొచ్చామని బళ్ళో చెబుతారు. మా అమ్మమ్మ చెప్పిన దాంట్లో నడక లేదు. మేం ఇక్కడే ఉన్నాం. మీరంతా వచ్చారు."

చక్రపాణి నోటి దగ్గర పెట్టుకున్న గ్లాసు కింద పెట్టాడు. వీధంతా తిరిగి వేసుకున్న లెక్క ఆయనది. ఇలాంటి జవాబు ఎవరూ ఇవ్వలేదు.

డొలోరెస్ పని మాట్లాడింది. ఎక్కడ తవ్వినా తనకి ఫోన్ వస్తుందని చెప్పింది. షాపింగ్ మాల్ కింద, పార్కింగ్ లాట్ కింద, కాలేజీ హాస్టల్ కింద. అందరూ అడిగేది ఒకటే, ఎంతకాలం పడుతుందని. వేణు తల దించుకున్నాడు. ఇప్పుడు రెండు దారులున్నాయంది. ఒకటి, ఈ బిడ్డని తీసి ఇదే స్థలంలో కంచె పక్కకి జరపడం. అప్పుడు గది కట్టుకోవచ్చు. రెండోది, ఉన్నచోటే ఉంచి కప్పెయ్యడం. అప్పుడు ఈ మూల ఇక ఎవరూ తవ్వకూడదు. "నాకు రెండోదే కావాలి. కానీ స్థలం మీది. చెప్పాల్సింది మీరు."

"ఇంటి నేలలో ఎముక ఉంటే కీడని మా శాస్త్రం" అన్నాడు చక్రపాణి. మాటలో మొన్నటి బలం లేదు.

"మా వాళ్ళు పిల్లల్ని ఇంటికి దగ్గర్లోనే పెట్టుకునేవాళ్ళని విన్నాను. ఒంటరిగా ఉండకూడదని" అంది డొలోరెస్. తర్వాత మేకులకి కట్టి ఉన్న తాళ్ళ వైపు చూసి, "ఈ గది ఎవరి కోసం?" అని అడిగింది.

వసంతలక్ష్మికి ఇంగ్లీషు రాకపోయినా అడిగిందేమిటో అర్థమై, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జవాబు లలిత చెప్పింది.

"మా పాప కోసం. మార్చిలో పుట్టింది. పుట్టేసరికే చనిపోయింది."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు అప్పటిదాకా. డొలోరెస్ అయ్యో అనలేదు. "ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.

"నాకు తెలీదు."

ఆవిడ లలితని కాసేపు చూసింది. "తెలుసుకో. మా వాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో వెతకడంతోనే నా జీవితం అయిపోయింది. నీది ఒక్కతే. నోరు తెరిచి అడిగితే చాలు."

చక్రపాణి లేచి గొయ్యి దాకా వెళ్ళాడు. గోతి గోడలో నల్లటి పొరని, పైన తోట పొరని, ఆ పైన పచ్చికని చూస్తూ నిలబడ్డాడు. తవ్వినప్పటి నుంచీ ఆయన లోపల ఉన్నదాని కోసమే చూశాడు, గోడల్ని చూడలేదు. తిరిగొచ్చి కొడుకుతో తెలుగులో అన్నాడు. "ఈ స్థలంలో మనకంటే ముందే ఒకళ్ళ ఇల్లుందిరా. నా టేబుల్ మీదికి వస్తే ఈ ప్లాన్ నేను పాస్ చేసేవాణ్ణి కాదు."

వేణు భార్య వైపు చూశాడు. రామిరో ఫోన్ చేసిన రోజు చూసినట్టే చూశాడు. ఈసారి ఆమె తల ఎత్తింది.

"ఆ గది వద్దు వేణూ" అంది. "ఎప్పుడో చెప్పాల్సింది. ఎవరికోసం కడుతున్నామో తెలీకుండా ఆ తాళ్ళు చూస్తూ కూచోలేను."

"సరే" అన్నాడు వేణు. డొలోరెస్ వైపు తిరిగి, ఉన్నచోటే ఉండనివ్వమని చెప్పాడు.

శనివారం పొద్దున్నే డొలోరెస్ ఇంకొకావిడతో వచ్చింది. రామిరో కూడా వచ్చాడు, ఎవరూ పిలవకపోయినా. డొలోరెస్ గుడ్డసంచీలోంచి ఏవో ఆకులు తీసి కాల్చింది. వేపాకు పొగలాంటి ఘాటు వాసన పెరడంతా నిండింది. మట్టిని ముందు చేతులతోనే వేశారు, తర్వాత రామిరో పారతో వేశాడు. నల్లమట్టి కిందికీ, గోధుమమట్టి పైకీ వెళ్ళేలా లలిత పక్కన నిలబడి చెప్పింది. టార్పాలిన్ మీద కుప్పలు వేరువేరుగా ఉన్నాయి కాబట్టి అది కుదిరింది. చివర్న చుట్టి పెట్టిన పచ్చికని పరిచారు. వారం ఎండకి అది కొంచెం పసుపుబారింది. నీళ్ళు పోస్తే లేస్తుందన్నాడు రామిరో.

వసంతలక్ష్మి ఎవరికీ చెప్పకుండా వెనక మెట్టు దగ్గర బకెట్టు నీళ్ళు, మగ్గు పెట్టింది. పూడ్చి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రాకూడదు. డొలోరెస్ ఆ బకెట్టు చూసి, ఏమీ అడక్కుండా బూట్లు విప్పి కాళ్ళు కడుక్కుంది. ఆమె వెనక రామిరో కడుక్కున్నాడు. ఆఖరికి చక్రపాణి కూడా ప్యాంటు పైకి మడుచుకుని వచ్చి నిలబడ్డాడు.

వాళ్ళు వెళ్ళాక వేణు వంటింట్లో నిలబడి మాటిమాటికీ కారు తాళాలు తీసి పెడుతున్నాడు. పొద్దుటి నుంచీ బయటికి వెళ్ళడం కుదరలేదు అతనికి.

లలిత పడగ్గదిలోకి వెళ్ళి అడుగు సొరుగు లాగింది. అత్తగారు తెనాలి నుంచి తెచ్చిన నల్లపూసలు, పసిపిల్లల చేతికి కట్టేవి, ఇంకా పూసలషాపు కాగితం పొట్లంలోనే ఉన్నాయి. పొట్లం తీసుకుని వంటింట్లోకి వచ్చింది.

"పాప ఎక్కడుంది?" అంది.

"అమ్మా" అన్నాడు చక్రపాణి కుర్చీలోంచి. "తల్లి వెళ్ళకూడదమ్మా. ఒకసారి పెట్టొచ్చాక అటు ఎవరూ పోకూడదు. అది..." మళ్ళీ సగంలో ఆగాడు. ఈసారి మిగతా సగం ఏమిటో ఆయనకీ తెలియలేదు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "వెళ్ళి రానివ్వండి" అంది.

కారెక్కాక లలిత సీటు బెల్టు పెట్టుకుంది. అద్దం మీద పిట్టల రెట్టలు అలాగే ఉన్నాయి. వేణు కారు వెనక్కి తీసి వీధిలోకి తిప్పాడు. కుడికి, ఆ తర్వాత ఎడమకి, పెద్ద రోడ్డు మీద రెండు సిగ్నళ్ళు దాటి మళ్ళీ కుడికి. కారులో ఎవరి గొంతూ వినబడకపోవడం లలితకి అప్పుడు తట్టింది. జీపీఎస్ అద్దానికే అంటించి ఉంది. దాని తెర చీకటిగా ఉంది. అతను దానివైపు చూడటం కూడా లేదు.

"నీకు దారి తెలుసా?" అంది.

"ఊ."

"ప్రతి శనివారమా?"

వేణు రోడ్డు వైపే చూస్తున్నాడు. "కార్ వాష్ దాని పక్క వీధిలోనే. వెళ్దామనే బయల్దేరతా. ఎప్పుడూ ఆ కార్ వాష్‌లోకి పోలేదు" అన్నాడు. కొంచెం ఆగి, "నాన్నకి చెప్పకు" అన్నాడు.

గేటు దగ్గర అతను నెమ్మది చేసి, ఎవర్నీ అడక్కుండా చెట్టు కింద కారు ఆపాడు. బోర్డులు చూడకుండా వరసల మధ్య నడిచాడు. రాళ్ళ మీద పేర్లు స్పానిష్‌వి, పోర్చుగీసువి, వియత్నాంవి ఉన్నాయి. ఎవరెవరో. లలిత పొట్లం పిడికిట్లో పట్టుకుని అతని వెనకే నడుస్తోంది. చిన్నపిల్లల వరస దగ్గర అతను వెనక్కి తిరిగాడు.

"ఇటు పక్కనుంచి రా. అక్కడ స్ప్రింక్లర్ కారుతూ ఉంటుంది, చెప్పులు తడుస్తాయి" అన్నాడు.

ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చింది. ఉన్నచోటే నిలబడి, రెండు నెలల ఏడుపంతా కలిపి, నోరు తెరుచుకుని ఏడ్చింది. వేణు వెనక్కి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, నేల పొడిగా ఉన్న వైపు నుంచి తీసుకెళ్ళాడు.